ప్రత్యక్షమును పరీక్షించిన శాస్త్రజ్ఞుడు: హెర్మన్ హెల్మ్‌హోల్ట్జు

ప్రత్యక్షమునకు ప్రమాణమేల యని లోకమున నొక సామెత కలదు. కంటితో చూచినదానికి ఎవరును సాక్ష్య మడుగరు. న్యాయస్థానమునందు సయితము చెవితో విన్నవాని మాటకన్న కంటితో చూచినవాని మాటకే విలువ యెక్కువ. మన తర్కశాస్త్రకారులును ప్రత్యక్షమును మొదటి ప్రమాణముగ నెంచి, అనుమానమును దాని తరువాతనే నిలిపిరి. ఇచ్చట అనుమాన మనగా సందేహము కాదు. కొండపై పొగను చూచి, అచ్చట నిప్పు కలదని నిశ్చయించుట వంటి తర్కమునకు అనుమాన మని పేరు. పొగ కంటబడినది, నిప్పు కంటబడలేదు. కనబడినదానినిబట్టి కనబడనిదానిని తెలిసికొంటిమి. ప్రత్యక్షము వేఱు, అనుమానము వేఱు అని మన మందఱమును నమ్ముచున్నాము.

అయితే, చూచుట యనునదియే ఒకవిధమైన అనుమాన మైనచో నేమగును? మన యెదుటనున్న చెట్టును, పుస్తకమును, కన్నతల్లి ముఖమును మనము నిజముగా చూచుచున్నామా, లేక ఏవో గుర్తులనుబట్టి ఊహించుచున్నామా? ఈ ప్రశ్నను పండితుల వాదసభలనుండి ప్రయోగశాలలోనికి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు జర్మను శాస్త్రజ్ఞుడైన హెర్మన్ హెల్మ్‌హోల్ట్జు. ఆయన జీవితము విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలిసికొనదగినది.

హెల్మ్‌హోల్ట్జు 1821 వ సంవత్సరము ఆగస్టు 31 వ తేదీన ప్రష్యా దేశమునందలి పోట్స్‌డామ్ పట్టణమున జన్మించెను. తండ్రి ఆ పట్టణపు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. భాషలయందును తత్త్వశాస్త్రమునందును మక్కువ కలవాడు. ఇంటికి వచ్చిన మిత్రులతో ఆయన చేయు తాత్త్విక చర్చలను బాలుడు వినుచుండెడివాడు. ఆ కుటుంబమునకు విద్య కలదు గాని ధనము లేదు.

బాల్యమున హెల్మ్‌హోల్ట్జు తఱచు జబ్బుపడుచుండెను. పాఠశాలలో అతడు అన్నింట మొదటివాడని చెప్పుటకు వీలులేదు. కుడి యేదో యెడమ యేదో చప్పున తోచెడిది కాదు. ఒకదానితో నొకటి సంబంధము లేని మాటలను, వ్యాకరణములోని అపవాదములను జ్ఞాపకముంచుకొనుట అతనికి కష్టముగ నుండెను. పద్యములైనచో ఛందస్సు తోడుపడుటచే కొంత సులభముగ వచ్చెడివి. లాటిను పాఠము జరుగుచుండగా అతడు బల్ల క్రింద కాగితము నుంచుకొని, దుర్భిణిలో వెలుగుకిరణములు పోవు మార్గమును లెక్కకట్టుచుండెను. క్రమముగల విషయము మాత్రమే అతని మనస్సున నిలిచెడిది. ఆ క్రమమును వెదకుటయే అతని జీవితమంతయు సాగిన పని.

ఆ కాలపు జ్ఞాపక మొకదానిని ఆయన పెద్దవాడైన పిమ్మట తన శాస్త్రగ్రంథములో వ్రాసియున్నాడు. పసివాడుగ నున్నప్పుడు తల్లితో కలిసి పోట్స్‌డామ్‌లోని ఒక చర్చి గోపురము ప్రక్కగా పోవుచు, గోపురముపై నిలిచియున్న మనుష్యులను చూచి, అవి చిన్న బొమ్మ లనుకొని, చేయి చాచి తీసి యిమ్మని తల్లి నడిగెనట. ఎత్తునుబట్టి, దూరమునుబట్టి మనుష్యుడు చిన్నగా కనబడునని ఆ పసివాడింకను నేర్చుకొనలేదు. కన్ను ఆనాడును సరిగానే పనిచేసినది. కన్ను తెచ్చిన వార్తకు అర్థము చెప్పుటయే రాలేదు. చూచుటకు సయితము చదువు వలెనని ఆ జ్ఞాపకము ఆయనకు బోధించెను.

భౌతికశాస్త్రము చదువవలెనని యువకుని కోరిక. తండ్రికి అంత స్తోమతు లేకపోయెను. సైన్యమున ఎనిమిది సంవత్సరములు వైద్యుడుగ పనిచేయుటకు ఒప్పుకొన్నవారికి బెర్లినులోని సైనిక వైద్యసంస్థ ఉచితముగ విద్య చెప్పించుచుండెను. 1838 వ సంవత్సరమున హెల్మ్‌హోల్ట్జు ఆ సంస్థలో చేరెను. అచ్చట యోహానెస్ మ్యూలరు అను సుప్రసిద్ధ శరీరశాస్త్రజ్ఞుడు ఆయనకు గురువయ్యెను. ఒక్కొక్క నరము తనకు తగిన ఒక్క విధమైన అనుభవమునే యిచ్చునని మ్యూలరు బోధించెను. చీకటిలో కంటికి దెబ్బ తగిలినచో మెఱుపులు కనబడుట మన మెఱిగినదే. అచ్చట వెలుగు లేదు. అయినను కంటినరము తనకు వచ్చిన ఒక్క భాషలోనే, అనగా వెలుగు భాషలోనే, మాటలాడినది. ఈ బోధ శిష్యుని మనస్సున గాఢముగ నాటుకొనెను.

1842 వ సంవత్సరమున ఆయన వైద్యపట్టమును పొంది, తరువాత పోట్స్‌డామ్ దండులో వైద్యుడుగ నియమింపబడెను. తీరిక దొరికినప్పుడెల్ల కండరములపై ప్రయోగములు చేసి, 1847 వ సంవత్సరము జూలై 23 వ తేదీన బెర్లిను భౌతికశాస్త్ర సంఘమునందు శక్తినిత్యత్వమును గూర్చిన వ్యాసమును చదివెను. శక్తి రూపము మాఱునే గాని నశింపదను సిద్ధాంతమునకు అందు గణితరూప మిచ్చెను. అప్పటికాయన వయస్సు 25 సంవత్సరములు. ప్రముఖ శాస్త్రపత్రిక యొకటి ఆ వ్యాసమును త్రిప్పి పంపివేయగా, ఆయన దానిని చిన్న పుస్తకముగ ప్రకటించెను. ఆ పుస్తకము నేడు భౌతికశాస్త్ర చరిత్రలో శాశ్వతస్థానమును పొందినది.

సైనికోద్యోగమునుండి ముందుగనే విముక్తి పొంది, 1849 వ సంవత్సరమున కోనిగ్స్‌బర్గు విశ్వవిద్యాలయమున శరీరశాస్త్రాచార్యు డయ్యెను. ఆ యేటనే ఓల్గా అను కన్యను వివాహమాడెను. ఆ పట్టణముననే ఆయన రెండు గొప్ప కార్యములు చేసెను.

మొదటిది నరములలో వార్త పోవు వేగమును కొలుచుట. ఆ వేగమును కొలుచుట మానవునకు సాధ్యము కాదని గురువగు మ్యూలరు తలచియుండెను. హెల్మ్‌హోల్ట్జు కప్పకాలి కండరమును, దానికి చేరిన నరమును తీసికొని, కండరమునకు దగ్గఱగా ఒకసారి, దూరముగా మఱియొకసారి విద్యుత్తును తగిలించెను. రెండు సారులును కండరము ముడుచుకొనుటకు పట్టిన కాలమును కొలిచి, ఆ భేదమునుబట్టి వేగమును లెక్కించెను. ఆ భేదము సెకండులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. 1850 వ సంవత్సరమున ఆయన ప్రకటించిన వేగము సెకండునకు సుమారు 27 మీటర్లు. గాలిలో ధ్వని సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. అనగా నరములలోని వార్త ధ్వనికన్న మిక్కిలి మెల్లగ నడచునన్న మాట. ఇందలి విశేషమును గమనింపవలెను. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్న క్షణమును, అది మనకు తెలిసిన క్షణమును ఒకటి కావు. ఇంద్రియములు తెచ్చు వార్త యెల్లప్పుడును కొంచెము పాతదే.

రెండవది నేత్రాంతర్భాగమును చూచు సాధనము. మన కంటిపాప నల్లగ కనబడుటకు కారణమేమన, లోనికి పోయిన వెలుగు వచ్చిన త్రోవనే మరలి పోవును. దానిని చూడవలెనన్న చూచువాని కన్ను ఆ త్రోవలోనే యుండవలెను. కాని అతని తలయే వెలుగును అడ్డగించును. హెల్మ్‌హోల్ట్జు ఏటవాలుగ నుంచిన గాజుపలకలతో దీపపు వెలుగును రోగి కంటిలోనికి మరలించి, ఆ పలకల గుండనే తాను లోనికి చూచెను. 1851 వ సంవత్సరమున ఆయన వర్ణించిన ఈ యంత్రమునకు ఆఫ్తాల్మోస్కోపు అని పేరు. జీవించియున్న మనుష్యుని కంటి లోపలి తెరయైన రెటీనాను వైద్యులు స్పష్టముగ చూచి పరీక్షించుట దీనితోనే సాధ్యమైనది. నేటి నేత్రవైద్యశాలలలోని పరికరములు దాని సంతానమే.

కంటి లోపలి తెరను చూచినవానికి ఒక సందేహము కలుగక మానదు. ఆ తెరపై పడు బొమ్మ చిన్నది, తలక్రిందులైనది, చదునైనది. మనము చూచు లోకము విశాలమైనది, నిటారైనది, లోతుగలది. ఆ బొమ్మనుండి ఈ లోక మెట్లు వచ్చినది? 1855 వ సంవత్సరమున, కోనిగ్స్‌బర్గులోనే జీవించి గతించిన తత్త్వవేత్త కాంటునకు స్మారకచిహ్నము నెలకొల్పుటకై ఏర్పాటైన ఉపన్యాసమున, హెల్మ్‌హోల్ట్జు మానవుని దృష్టిని గూర్చి ప్రసంగించెను. ఇంద్రియములు ఇచ్చునవి గుర్తులే యనియు, ఆ గుర్తులనుబట్టి వస్తువును నిశ్చయించునది మనస్సే యనియు ఆయన వివరించెను. ఈ నిశ్చయము తర్కము వంటిదే గాని, మనకు తెలియకుండ జరుగును. దానికే ఆయన ఎఱుకలేని అనుమాన మని పేరు పెట్టెను.

ఆ యేటనే బాన్ నగరమునకును, 1858 లో హైడల్‌బర్గునకును ఆయన మాఱెను. 1859 వ సంవత్సర మాయనకు దుఃఖమయమైనది. ఆ యేటనే తండ్రి మరణించెను. చిరకాలము జబ్బుతో నున్న భార్య ఓల్గాయు డిసెంబరులో కన్నుమూసెను. పని యొక్కటియే ఆయనకు ఊఱటయైనది. 1861 లో అన్నా అను విదుషిని పునర్వివాహము చేసికొనెను. 1863 లో సంగీతధ్వనులను గూర్చిన మహాగ్రంథమును ప్రకటించెను. 1856 లో మొదలైన దృష్టిశాస్త్ర గ్రంథము 1867 నాటికి సంపూర్ణ మయ్యెను.

ఆ గ్రంథమునందలి పరీక్షలలో కొన్నింటిని మన విద్యార్థులును చేసి చూడవచ్చును. కాగితముపై 8 సెంటీమీటర్ల యెడముగ ఒక ప్రక్క గుణకారపు గుర్తును, దాని కుడివైపున నల్లని చుక్కను వ్రాయుడు. ఎడమకన్ను మూసి, కుడికంటితో గుణకారపు గుర్తునే చూచుచు కాగితమును మెల్లగ ముందు వెనుకలకు జరుపుడు. సుమారు 30 సెంటీమీటర్ల దూరమున చుక్క మాయమగును. కంటినరము బయలుదేఱు చోట రెటీనాకు చూపు లేదు. చుక్క మాయమైనను అచ్చట మనకు రంధ్రము కనబడదు. తెల్లని కాగితమే కనబడును. చుట్టునున్న తెలుపునుబట్టి అచ్చటను తెలుపే యుండవలెనని మనస్సు పూరించినది.

రెండవ పరీక్ష. ఒక కన్ను మూసి, తెఱచిన కంటి చివర ఱెప్పపై వ్రేలితో మిక్కిలి మెల్లగ నొక్కినచో, లోకమంతయు కదలినట్లు తోచును. కాని కన్నును మనంతట మనమే త్రిప్పినప్పుడు రెటీనాపై బొమ్మ అంతకన్న ఎక్కువ కదలినను లోకము నిలుకడగ నుండును. ఎందుచేత? కన్ను త్రిప్పు ప్రయత్నము మనదే గనుక, బొమ్మ యెంత కదలవలెనో మనస్సు ముందే యెఱుగును. అనుకొన్నంత కదలినచో లోకము కదలలేదని తేల్చుకొనును. వ్రేలితో నొక్కినప్పుడు అట్టి ముందెఱుక లేదు.

మూడవది పట్టకపు అద్దముల పరీక్ష. వస్తువులను ప్రక్కకు జరిపి చూపు అద్దములను ధరించి చేయి చాచినచో, మొదట చేయి తప్పిపోవును. కొన్ని సారులు ప్రయత్నించినంతట సరిగ అందును. పిదప అద్దములు తీసివేసినచో చేయి రెండవ ప్రక్కకు తప్పును. చూపు కొత్త పాఠమును నేర్చుకొన్నది. ఇప్పుడు పాత పాఠమును మరల నేర్చుకొనవలెను.

ఈ అనుమానము మన యాజ్ఞకు లోబడునది కాదు. ఉదయించు చంద్రుడు నడినెత్తిపై నున్న చంద్రునికన్న పెద్దగ కనబడును. చేయి చాచి చిటికెనవ్రేలి గోటితో కప్పి చూచినచో రెండు వేళలందును ఒకే రీతిగ కప్పబడును. సమానమని తెలిసిన పిమ్మటను పెద్దగ కనబడుట మానదు. మసక వెలుగులో త్రాటిని చూచి పామని భ్రమించువాడు దీపము తెచ్చినంతనే భ్రమను విడుచును. చంద్రుని విషయమున దీపము తెచ్చినను భ్రమ విడువదు.

ఇచ్చటనే పెద్ద చిక్కు కలదు. మనకు దొరకునవి గుర్తులు మాత్రమే యైనచో, లోకము మనకు ఎన్నడును ఎదురుపడదా? మన మందఱమును పుఱ్ఱె యను గదిలో కూర్చుండి, వార్తాహరులు తెచ్చిన సందేశములను చదువుకొను బందీలమా? ఈ శంక మన దేశమునకు క్రొత్త కాదు. ఇంద్రియము వస్తువుతో కలియుటచే కలుగు జ్ఞానమే ప్రత్యక్షమని నైయాయికులు వాదించిరి. జ్ఞానమునందు తోచు ఆకారమే మనకు దొరకును, వెలుపలి వస్తువు ఊహింపదగినదే యని బౌద్ధులలో సౌత్రాంతికులు వాదించిరి.

హెల్మ్‌హోల్ట్జు దీనికి 1878 వ సంవత్సరమున బెర్లినులో చేసిన ప్రసిద్ధోపన్యాసమున సమాధానము చెప్పెను. 1871 నుండి ఆయన అచ్చట భౌతికశాస్త్రాచార్యుడు. గుర్తు వేఱు, ప్రతిమ వేఱు అని ఆయన విభజించెను. ప్రతిమకు వస్తువుతో పోలిక యుండవలెను. గుర్తునకు ఆ పోలిక అక్కఱలేదు. అక్షరమునే తీసికొందము. అకారమునకు తెలుగు లిపిలో నొక రూపము, తమిళ లిపిలో నొక రూపము, ఒడియా లిపిలో నొక రూపము కలవు. వీనిలో ఏదియు ఆ ధ్వనిని పోలియుండలేదు. అయినను ఒకే ధ్వనికి ఒకే గుర్తు నియమముగ వచ్చుచున్నంతకాలము మనము తప్పక చదువగలము. అట్లే ఎఱుపు అను అనుభవము వస్తువునందలి దేనినైనను పోలియుండకపోవచ్చును; కాని ఒకే కారణమునుండి ఒకే గుర్తు వచ్చుచుండుటచే, లోకమునందలి క్రమము మనకు చేరుచున్నది. మఱియు మనము చేయి చాచి, తల త్రిప్పి, నాలుగడుగులు నడచి, ఆ గుర్తు లెట్లు మాఱునో పరీక్షింపగలము. లోకమంతయు స్వప్నమను వాదమును తర్కముచే పూర్తిగ ఖండింపలేమని ఆయన నిజాయితీతో ఒప్పుకొనెను. అయినను వెలుపల లోకము కలదను భావన యన్ని పరీక్షలకును నిలిచినదనియు, దానిని విడువ నవసరము లేదనియు ఆయన నిశ్చయము.

అప్పటి పండితులందఱును దీనిని అంగీకరింపలేదు. స్థలజ్ఞానము చాలవఱకు పుట్టుకతోనే వచ్చునని ఈవాల్డ్ హేరింగు అను శాస్త్రజ్ఞుడు గట్టిగ వాదించెను. ఆ వాదము చాలకాలము సాగినది.

చివరి దినములలో హెల్మ్‌హోల్ట్జునకు గొప్ప గౌరవములు దక్కెను. ఛార్లొటెన్‌బర్గున స్థాపింపబడిన జర్మను సామ్రాజ్య భౌతిక సాంకేతిక సంస్థకు ఆయన మొదటి అధ్యక్షుడు. విద్యుత్తరంగములను ప్రయోగమున నిరూపించిన హైన్రిష్ హెర్ట్జు ఆయన శిష్యుడు. ఆ ప్రియశిష్యుడు 1894 జనవరి 1 వ తేదీన 36 యేండ్లకే మరణింపగా, అతని చివరి గ్రంథమునకు గురువే పీఠిక వ్రాయవలసివచ్చెను. అంతకు ముందటి యేడు చికాగో ప్రదర్శనమునకు పోయి, మరలివచ్చుచు ఓడలో మెట్లపైనుండి పడి ఆయన గాయపడియుండెను. 1894 జూలైలో పక్షవాతము సోకి, సెప్టెంబరు 8 వ తేదీన హెల్మ్‌హోల్ట్జు పరలోకగతు డయ్యెను.

ఆయన భావము మాత్రము నూఱేండ్ల పిమ్మట మరల చిగిర్చెను. 1995 లో జెఫ్రీ హింటను మొదలగు శాస్త్రజ్ఞులు తాము రూపొందించిన గణనవిధానమునకు హెల్మ్‌హోల్ట్జు యంత్రమని పేరిడిరి. 1999 లో రాజేశ్ రావు, డానా బల్లార్డు అనువారు, మెదడులోని పై భాగములు రాబోవు వార్తను ముందుగ ఊహించి క్రిందికి పంపుననియు, క్రింది భాగములు ఆ ఊహలోని తప్పును మాత్రమే పైకి పంపుననియు ఒక నమూనాను చూపిరి. దీనినిబట్టి చూచుట యనగా ఊహించి దిద్దుకొనుట. తత్త్వవేత్తలు దీనిపై రెండుగ చీలిరి. యాకబ్ హోవీ 2013 లో వ్రాసిన గ్రంథమున, మెదడు తన ఊహలకు లోపల బందీయై, వెలుపలి కారణములను అనుమానించుచున్నదనెను. ఆండీ క్లార్కు 2016 లో వ్రాసిన గ్రంథమున, ఆ ఊహయే మనలను లోకముతో కలుపు మార్గమనెను.

ఈ రెంటిలో ఏది న్యాయము? చదువరి యొకసారి తన చదువునే గమనించుగాక. ఈ పుటను చదువునప్పుడు మన దృష్టి అక్షరములమీద నిలుచుట లేదు; అర్థముమీద నిలుచుచున్నది. అక్షరములు సాధనములు, తెలియబడునది అర్థము. తెలియని భాషలో మాటలాడువారిని వినునప్పుడు ఎచ్చట మాట ముగిసి ఎచ్చట మొదలగునో తెలియక, అంతయు ఒకే ప్రవాహముగ నుండును. ఇంట తెలుగును, వీధిలో వేఱు భాషను వినుచు పెరుగు మన పిల్లలకు ఇది అనుభవసిద్ధము. ఆ వీధిభాష వచ్చిన పిమ్మట అదే ధ్వని మాటలుగ విడివడును. అప్పుడు మనకును ఆ మాటలాడువారికిని నడుమ క్రొత్తగ నొక తెర పడినదందుమా, పడియున్న తెర తొలగినదందుమా? నేర్చిన ఊహ లేనప్పుడు మనము మనుష్యునికి దగ్గఱగ లేము, దూరముగ నుంటిమి.

కావున, అనుమానముచే చూచుచున్నామన్నంతమాత్రమున, అనుమానమునే చూచుచున్నామని చెప్పరాదు. లోకము ప్రతిక్షణమును మన ఊహను దిద్దుచున్నంతవఱకు అది లోకముతోడి సంబంధమే. దిద్దుబాటు నిలిచిన కలయందును, జ్వరపు భ్రాంతియందును మాత్రమే మనము నిజముగ బందీలము. అయితే ఈ మార్గమున దొరకు జ్ఞానము వినయము గలదై యుండవలెను. ఎదుటివాడు చూచినది మనము చూచినదానితో సరిపడనప్పుడు, అతని కంటిని నిందించుటకు ముందు ఇంకొకసారి దగ్గఱకు పోయి చూడవలెను. గోపురముపై బొమ్మలను చూచిన పసివాడు చేసిన తప్పు కంటిది కాదు. తప్పు తెలిసిన పిమ్మట దానిని మఱువక, కారణమును జీవితాంతము వెదకుటయే అతని ఘనత.